ఎదురుగాలికి సంబంధించిన నిబంధన

పద్మారావు నగర్, సికింద్రాబాద్
జూన్ 8

లాలాగూడ–చిలకలగూడ–పద్మారావు నగర్ ఐక్య ప్రాతఃకాల సైకిలు విహార సంఘం వ్యవస్థాపక సభ్యులు శ్రీ బుల్లబ్బాయి గారికి, కార్యదర్శి తుకారాం నమస్కరించి వ్రాయునది.

ఏ సంఘమైనా నిలబడేది సభ్యుల ఉత్సాహం మీద కాదు, పద్ధతి మీద. ఆదివారం తెల్లవారుజామున వాన పడితే ఉత్సాహం దుప్పటి కప్పుకుంటుంది. పద్ధతి గొడుగు వేసుకొని వస్తుంది. కావున జెర్సీ ఎంపికలో మొదట రంగు, పిమ్మట కొలత, తదుపరి ముద్రణ, చివరగా ఉతుకు అనే వరుసను పాటించవలెను. ఈ వరుస తప్పిన సంఘాలు ఏమైపోయాయో ఎక్కడా వ్రాసి లేదు. వాటి గతికి అదే నిదర్శనం.

డిసెంబరు మొదటి ఆదివారం మన సంఘం శామీర్‌పేట దాకా దశమ వార్షిక యాత్ర చేయనున్నది. అందుకు కొత్త జెర్సీలు కావలెను. మీరు దుకాణంలోని కళ్ళజోళ్ళన్నింటినీ బావమరిది హేమచంద్ర గారికి అప్పగించి, "విశాఖలో చెల్లెలి ఇంట్లో కొన్నాళ్ళుంటాను" అని మాత్రం చెప్పి వెళ్ళినందున, ఫోను ఎత్తనందున, ఈ విషయాలు పోస్టులో తెలుపుచున్నాను. ఎలాగూ వాట్సప్ కొలతలు చెల్లవు. పోయినసారి దయాకర్ గారు కొలతకు బదులు బొటనవేలి బొమ్మ పంపగా, ప్రింటింగు షాపువారు దానిని "స్మాల్" అని అర్థం చేసుకున్న సంగతి మీకు విదితమే.

రంగు: గులాబీ, కాషాయం, ఆకుపచ్చ, పసుపు, నీలం, ఎరుపు పరిశీలించబడినవి. ఒక్కొక్క దానిని ఒక్కొక్క పార్టీవారు మనకంటే ముందే తీసుకొనిపోయినారు. తెలుపు మన రోడ్లకు తగదు. మిగిలినది కాఫీపొడి రంగు; అదే ఖరారైనది. స్కూలు టీచరు షెకీనా గారు మాత్రం, "అన్నా, గీ రంగేసుకుంటే లారీవాడు మనల్ని రోడ్డే అనుకొని మీదికెల్లి పోతడు" అని అభ్యంతరం తెలిపినారు. అభ్యంతరం నమోదైనది. వెనుక మెరిసే పట్టీ కుట్టించబడును.

కొలత: బనియను వేసుకొని కొలవరాదు. మన సభ్యులు జెర్సీ లోపల బనియను వేసుకోవడం, అందుకని ఒక సైజు పెద్దది అడగడం, తీరా అది గాలికి తెరచాపలా ఉబ్బడం గత పదేళ్ళుగా సంఘాన్ని పీడిస్తున్న సమస్య.

ముద్రణ: అక్షరం అంగుళం కంటే తగ్గరాదన్న నిబంధన ఉన్నందున, సంఘం పేరు పూర్తిగా పట్టేది ఇప్పటికీ మీ ఒక్కరి వీపు మీదనే. నా వీపు మీద "ప్రాతఃకాల" వద్ద ఆగింది. దయాకర్ గారిది "లాలాగూడ–చిలక" వద్ద ఆగినందున అల్వాల్ పిల్లలు ఆయనను ఆ పేరుతోనే పిలుచుచున్నారు. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వీచినప్పుడు మేమంతా మీ వెనుక వరుసగా చేరి, గాలి తగలకుండా, మన సంఘం పేరు చదువుకుంటూ వస్తాము. కావున మీకు యథాప్రకారం ఫోర్ ఎక్సెల్ అని వ్రాసుకొనుచున్నాను. ధ్రువీకరించగలరు.

ఉతుకు: చన్నీళ్ళలో, జిప్పు మూసి, తిరగేసి ఉతకవలెను. పిండరాదు. నీడన ఆరవేయవలెను. ఇస్త్రీ నిషిద్ధం. గంజి నిషిద్ధం. మా ఇంట్లో సుకన్య ప్రేమతో గంజి పెట్టిన జెర్సీలో నేను బొల్లారం దాకా వెళ్ళివచ్చిన అనుభవాన్ని రికార్డు చేయదలచుకోలేదు.

ఇట్లు,
తుకారాం, కార్యదర్శి


విశాఖపట్నం
జూన్ 21

కార్యదర్శి గారి దివ్యసముఖానికి,

ఒరే తుకారాం, నీ ఉత్తరం చదువుతుంటే మా ఆవిడ లీలాకుమారి వచ్చి, "కోర్టు నోటీసేమోనండీ, వణికిపోతున్నారు" అంది. నవ్వుతున్నానే బాబూ అన్నాను. నవ్వో వణుకో తేల్చుకోలేక వెళ్ళిపోయింది.

కాఫీపొడి రంగు బాగుంది. మన అందరి ముఖాలకీ సరిపోతుంది.

ఇక్కడ మా చెల్లెలు దేవిశ్రీ వాళ్ళింటి నుంచి నాలుగడుగులు వేస్తే సముద్రం. పొద్దున్నే నడుస్తున్నాను. ఆ నడక వల్ల కాస్త తగ్గాను. నీ నిబంధన ప్రకారం బనియను విప్పి, టేపుతో కొలిపించాను. డబుల్ ఎక్సెల్ వచ్చింది. అలాగే రాసుకో. పేరులో చివరి మాట పోతే పోనీ. సైకిలు తొక్కేవాళ్ళం సంఘమని చెప్పుకోకపోతే ఏం కొంప మునుగుతుంది?

ఫోను సముద్రపు గాలికి పాడైంది. ఉత్తరాలే రాయి. నీ చేతిరాత చూస్తే రైలు ఆఫీసులో నీ టేబులు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. అదొక ధైర్యం.

ఒక సందేహం. పాత జెర్సీ, ఆకాశం రంగుది, నాతోనే తెచ్చుకున్నాను. దానికి ముదురు గోధుమ రంగు మరకొకటి పడింది. ఆస్పత్రుల్లో గాయాలకి రాస్తారే, ఆ మందు. దేవిశ్రీ నర్సు కదా, ఇంట్లో సీసా ఒలికింది. ఏం పెట్టి ఉతకాలి?

నీ,
బుల్లబ్బాయి


పద్మారావు నగర్, సికింద్రాబాద్
జులై 3

శ్రీ బుల్లబ్బాయి గారికి,

తమ లేఖ అందినది. రెండు అంశాలు పరిశీలించబడినవి.

మరక గురించి: వేడినీళ్ళు తగలనీయరాదు, తగిలితే మరక స్థిరనివాసం ఏర్పరచుకొనును. చన్నీళ్ళలో కాసేపు నానవేసి, నిమ్మరసం అద్ది, మెత్తని సబ్బుతో వ్రేళ్ళతోనే రుద్దవలెను. బ్రష్షు వాడరాదు. అయితే సీసా ఒలికినప్పుడు మరక ఒడిలోనో పొట్ట మీదనో పడవలెను గదా. తమరు మరక ఎక్కడ పడినదో తెలుపలేదు. స్థానం తెలిపినచో చికిత్స మరింత నిర్దిష్టంగా సూచించగలను.

కొలత గురించి: సముద్రతీరాన నడిచినంత మాత్రాన ఒక వ్యక్తి ఫోర్ ఎక్సెల్ నుండి డబుల్ ఎక్సెల్‌కు దిగుట సంఘ చరిత్రలో లేదు. దయాకర్ గారు మూడేళ్ళు గోధుమ రొట్టెలు తిని ఒక్క బెత్తెడు కూడా తగ్గలేదు. మీ ఉత్తరం వారికి చదివి వినిపించగా, "ఏందన్నా, అక్కడి సముద్రంల ఏం కలిపిన్రు? మాకు సుత రెండు సీసాలు పంపుమను" అన్నారు. అందరూ నవ్వినారు. షెకీనా గారు నవ్వలేదు. ఆమె నా చేతిలోంచి ఉత్తరం తీసుకొని మరక సంగతి వ్రాసినచోట రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చినారు.

కొలత మార్పు ఒక సభ్యునికి ఒక్కసారే అనుమతించబడును. కావున డబుల్ ఎక్సెల్ అని పెన్సిలుతో వ్రాసుకొన్నాను. పెన్నుతో వ్రాయలేదు.

గత ఆదివారం తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వీచినది. మీ స్థానంలో దయాకర్ గారు ముందు నిలిచినారు. వారి వెనుక ఒక మనిషికి మాత్రమే నీడ ఉన్నది. మిగిలిన వాళ్ళం ఒకరి వీపు ఒకరం చదువుకుంటూ వచ్చాము. ఏ వీపు మీదా వాక్యం పూర్తికాలేదు.

తుకారాం, కార్యదర్శి


విశాఖపట్నం
జులై 30

తుకారాం,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ పోస్టుడబ్బా దూరం.

దూరమంటే ఏంటో నాకూ సరిగ్గా తెలీదులే. మొన్నటిదాకా దగ్గరే ఉండేది.

నిమ్మరసం పనిచేసింది. మరక పలచబడింది. కానీ పక్కనే ఇంకొకటి పడింది. స్థానం అడిగావు కాబట్టి చెబుతున్నాను: కుడివైపు, మెడ కింద, గొంతు దగ్గరి ఎముక ఉంటుంది చూడు, అక్కడ.

ఇంకో సందేహం. కొత్త జెర్సీలకి జిప్పు సగం దాకా పెట్టిస్తున్నావా, కింద వరకూ పెట్టిస్తున్నావా? పాతదానికి కింద వరకూ ఉంది. అదే మంచిదిరా. సగం జిప్పు చొక్కా అయితే తలమీంచి తియ్యాలి. చేతులు పైకెత్తడం అందరికీ కుదరదు. అంటే, మన వయసులో.

గుడ్డ ఎలాంటిదో కూడా చెప్పు. కొత్త గుడ్డ గుచ్చుకుంటుంది. పాతది పదేళ్ళు ఉతికి ఉతికి ఉల్లిపొరలా అయింది. ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. ఇప్పుడు ఇంట్లోనూ అదే వేసుకుంటున్నాను. లీల రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దున్నకి సిద్ధం. ఈ ఊరి ఉక్కకి అన్నీ ఆలస్యంగా ఆరతాయి గానీ ఇదొక్కటే మాట వింటుంది.

సైజు మళ్ళీ మార్చాలి. నీ నిబంధన తెలుసు. పెన్సిలుతో రాశానన్నావు గదా, అందుకే అడుగుతున్నా. లార్జి అని రాయి.

ఆ దయాకర్‌తో చెప్పు, సీసాల్లో పంపడానికి సముద్రం ఒప్పుకోలేదని.

బుల్లబ్బాయి


పద్మారావు నగర్, సికింద్రాబాద్
ఆగస్టు 12

శ్రీ బుల్లబ్బాయి గారికి,

తమ లేఖ మీద ప్రత్యేక సమావేశం జరిగినది. చిలకలగూడలో మనం ఎప్పుడూ చాయి తాగే హోటలు ముందు సభ్యులందరూ హాజరైనారు. తీర్మానాలు:

జిప్పు కింద వరకూ ఉండవలెనని ఏకగ్రీవంగా నిర్ణయించబడినది. గాలి బాగా ఆడుటకు అని కారణం వ్రాయబడినది. దయాకర్ గారు కారణం చెప్పమని ఒత్తిడి చేయలేదు. అందరి చాయికీ వారే డబ్బులిచ్చుట కూడా నమోదు చేయబడినది.

గుడ్డ మెత్తనిది కావలెనని తీర్మానించబడినది. షాపువాడు నాలుగు రకాలు చూపగా షెకీనా గారు ఒక్కొక్కదానిని తన లోపలి ముంజేతికి రాసి చూసినారు. షాపువాడు, "మేడమ్, ఇది సైకిల్‌కా, చంటిపిల్లకా?" అని అడిగినాడు. ఆమె నాలుగోది ఎంచుకొని, "గిదే గావాలె" అన్నారు.

లార్జి విషయం పరిశీలనలో ఉన్నది.

మన నిబంధనావళిలో పంక్చరు పడితే ఏమి చేయవలెనో ఉన్నది. గొలుసు తెగితే, కుక్క వెంటపడితే, ముఖ్యమంత్రి గారి కార్ల వరుస ఎదురైతే ఏమి చేయవలెనో ఉన్నది. మొన్న మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు మళ్ళీ చదివినాను. నేను వెదికినది దొరకలేదు. ఆ పుస్తకం వ్రాసినది నేనే గనుక ఎవరిపైనా ఫిర్యాదు చేయుటకు వీలులేదు.

ఆదివారం సుకన్య, లీలాకుమారి గారితో చాలాసేపు ఫోను మాట్లాడింది. అటు తరువాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, కింద గిన్నె పెట్టకుండా అలాగే నిలబడింది. నేను వెళ్ళి కుళాయి కట్టేసినాను. కుళాయి సంగతి ఈ లేఖ పరిధిలోకి రాదు.

ప్రతిరోజూ ఎన్ని మెతుకులు తినుచున్నారో తెలుపగలరు. ఇది కొలతల నిమిత్తం అడుగుచున్నాను.

తుకారాం


విశాఖపట్నం
సెప్టెంబరు 9

ఒరే తుకారాం,

ఆడవాళ్ళ ఫోనుకి పోస్టు కంటే వేగం ఎక్కువని మర్చిపోయాను. నీకు తెలిసిందని నీ ఉత్తరం మొదటి వాక్యంలోనే తెలిసింది. తెలిసినా తెలీనట్టు రాశావు. తెలీనట్టు రాశావని నాకు తెలిసినా నేనూ ఊరుకున్నాను. ఇద్దరం ఎంత మర్యాదస్తులమో చూడు.

కడుపులో గడ్డ. మే నెలలోనే చెప్పారు. సికింద్రాబాద్‌లో ఆస్పత్రులు లేకనా? ఉన్నాయి. కానీ అక్కడైతే ఆదివారం పొద్దున్నే మీరంతా హెల్మెట్లు పెట్టుకుని వార్డులోకి వచ్చేస్తారు. ఇక్కడైతే దేవిశ్రీ పనిచేసే చోటే మందెక్కిస్తారు. మెడ కింద చర్మం లోపల చిన్న గొట్టం పెట్టారు. ఆ మరక అదే.

మొదటిరోజు వీపు దగ్గర తాళ్ళు కట్టుకునే ఆ ఆస్పత్రి చొక్కా ఇచ్చారు. నాకు సరిపోలేదు. అప్పటికి ఇంకా ఒళ్ళుండేది. జెర్సీ వేసుకుని వెళ్ళాను. జిప్పు లాగితే గొట్టం దొరుకుతుంది, మళ్ళీ లాగితే మూసుకుంటుంది. అక్కడ నర్సమ్మాయి, "బాబాయ్ గారూ, ఈ చొక్కా భలేగుందండీ, ఎక్కడ కొన్నారేటి? మా పేషెంట్లందరికీ చెప్తాను" అంది. "ఇది కొనేది కాదమ్మా, ముందు సంఘంలో చేరాలి, కార్యదర్శి గారు కొలతలు తీసుకోవాలి, ఆయన చాలా కఠినమైన మనిషి" అన్నాను. వెనక మూడు జేబులున్నాయిగా, ఒకదాంట్లో వాంతి మాత్రలు, ఒకదాంట్లో కళ్ళజోడు, ఒకదాంట్లో లీల పెట్టిన అల్లం ముక్కలు. పదేళ్ళు ఆ జేబుల్లో ఉస్మానియా బిస్కెట్లు మోశాను. అవి తలచుకుంటే ఇప్పుడు వాసనకే తిప్పుతోంది. ఎవరితోనూ అనకు.

నా ఎదురు మంచం పెద్దాయన, నేను అటు తిరిగి పడుకున్నప్పుడల్లా వీపు మీద పేరు పైకి చదువుతాడు. ఇదివరకు ఒక్క చూపులో చదివేవాడు. ఇప్పుడు గుడ్డ ముడతలు పడిపోయి మాటలు లోపలికి పోతున్నాయి. మొన్న "లాలాగూడ... ఐక్య... సంఘం" అని చదివి, "మధ్యలోదేదీ?" అన్నాడు. చెబుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది.

డాక్టరు గారు "చూద్దాం" అంటున్నారు. ఏం చూస్తారో అడగలేదు.

కాబట్టి విను. నాకు జెర్సీ వద్దు. రద్దు చెయ్యి. ఇప్పుడు మీడియం కూడా వదులే. మీడియం మీద నీ అంగుళం అక్షరాలతో సగం పేరు కూడా పట్టదు. ముందుండాల్సినవాడు దయాకరే అని తీర్మానం రాసెయ్యి. నా వెనక ఎవరూ దాక్కోలేరు ఇంక. లీల ఒక్కతే దాక్కుంటోంది. ఏడుపొస్తే నా వీపు వైపు వచ్చి కూర్చుంటుంది, నాకు కనపడదనుకుని.

నువ్వు రావద్దు. పాసు ఉందని రైలెక్కేసేవు. అద్దంలో చూసుకోవడం మానేశాను గనక ఇప్పటికి బాగానే ఉన్నాను. నువ్వొచ్చి నన్ను చూస్తే, నీ ముఖంలో నేనెంత తగ్గానో నాకు కనపడిపోతుంది.

కోపం తెచ్చుకోకు.

బుల్లబ్బాయి


పద్మారావు నగర్, సికింద్రాబాద్
అక్టోబరు 1

బుల్లబ్బాయ్,

నీ ఉత్తరానికి జవాబు నాలుగైదుసార్లు షురూ చేసినాను. ప్రతిసారీ "తమ లేఖ అందినది" వరకు వచ్చి ఆగిపోయింది. అంతవరకు నిజమే, అందినది. ఆ తరువాత ఏమి వ్రాయవలెనో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఎవరూ నేర్పలేదు.

రావద్దన్నావు. పాసు తీసుకొని స్టేషనుకు వెళ్ళినాను. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద కూర్చొని నా ముఖం ఎలా పెట్టుకోవలెనో అభ్యాసం చేసినాను. కుదరలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ, "ఏమైంది బిడ్డా, జెర నీళ్ళు తాగుతవా?" అని సీసా ఇచ్చింది. బండి వెళ్ళిపోయింది. నీ మాట దాటలేదు. దాటగలిగి ఉంటే బాగుండేది.

రద్దు కోరుతూ నీవు పెట్టుకున్న దరఖాస్తు పరిశీలించబడి తిరస్కరించబడినది.

జెర్సీ తయారైనది. షాపువాడు ఫోర్ ఎక్సెల్ విప్పి బల్ల మీద పరచి, "సార్, ఇది ఎవలికి? క్యారంబోర్డుకు కవరా?" అన్నాడు. దయాకర్ వాడి మీదికి పోయినాడు. నేను ఆపినాను. "మాకు ముంగట పోయేటాయనది" అని చెప్పినాను. వాడికి ఏమి అర్థమైనదో, మెరిసే పట్టీ రెండు వరుసలు కుట్టి ఇచ్చినాడు.

కొత్త గుడ్డ గుచ్చుకుంటుందన్నావు. అందుకని దానిని ఉతుకుతూ వచ్చినాము. ఎవరూ వేసుకోని జెర్సీని వంతులవారీగా ఒకరి తరువాత ఒకరు ఇంటికి తీసుకొనిపోయి, చన్నీళ్ళలో, తిరగేసి, పిండకుండా ఉతికి, నీడన ఆరవేసి తరువాతి వారికి అందజేసినారు. షెకీనా వంతులో ఆమె తల్లి, "ఎవరిదే ఇంత పెద్ద అంగీ? మరక లేదు, మాసిందీ లేదు, మల్ల ఎందుకు ఉతుకుతున్నవ్?" అని అడిగిందట. షెకీనా ఇంకొకసారి నీళ్ళు పోసిందట. దయాకర్ జీవితంలో మొదటిసారి సబ్బు పట్టినాడు. మా ఇంట్లో సుకన్య గంజి పెట్టలేదు. పెట్టకుండా ఉండటానికి ఎంత నిగ్రహించుకున్నదో నేను చూసినాను. ఇలా పదేళ్ళ ఉతుకు ఈ కొద్ది వారాలలో పూర్తి చేయవచ్చునా అని నీవు అడగవచ్చు. చేయలేము. అయినా చేసినాము. మాకు చేతనైనది ఇదొక్కటే.

పార్సిలు ఈ లేఖతోపాటు వచ్చుచున్నది. నీకు వదులుగా ఉండును. మందెక్కించేటప్పుడు వేసుకో. పెద్దదైతే కప్పుకో. వీపు మీద పేరు మొత్తం ఉన్నది. ముడత పడినచోట లీలాకుమారి గారిని పట్టి లాగమను. ఎదురు మంచం పెద్దాయన పూర్తిగా చదవవలెను. మధ్యలో ఉన్నది చిలకలగూడ, పద్మారావు నగర్ అని ఆయనకు చెప్పు.

డిసెంబరు యాత్రలో ముందు స్థానం ఖాళీగా ఉంచబడును. అక్కడ ఎవరూ తొక్కరు. మేమంతా ఆ ఖాళీ వెనుక, ఎప్పటిలాగే, వరుసలో ఉంటాము.

ఇక కొలత విషయం. ఫోర్ ఎక్సెల్ అని పెన్నుతో వ్రాసి, సంఘం ముద్ర వేసినాను. నిబంధనావళి చివరి పేజీలో ఈ క్రింది నిబంధన కొత్తగా చేర్చబడినది:

జెర్సీకి, సభ్యుని శరీరానికి కొలతలో తేడా వచ్చినచో జెర్సీయే సరైనదిగా, శరీరం తాత్కాలికంగా పొరపాటు పడినదిగా పరిగణించబడును. శరీరాన్ని సరిచేసుకొని వచ్చుటకు సభ్యునికి గడువు ఏదీ లేదు; ఎంతకాలమైనా తీసుకొనవచ్చును. సదరు సభ్యుడు తిరిగి వచ్చి ముందు నిలబడే వరకు శామీర్‌పేట నుండి అల్వాల్ మీదుగా సికింద్రాబాద్ వచ్చు మార్గంలో ఎదురుగాలి వీచరాదు. ఇది తుది నిబంధన. దీనిపై అప్పీలు లేదు.

నీ
తుకారాం